డిక్కీలో నీళ్ల క్యాను

మా కారు సెకండ్ హ్యాండుది. మా ఆయన గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు కొన్నాడు. ఉట్నూర్ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో నేను లెక్కలు చెబుతాను. ఇల్లు మాత్రం పెద్దపల్లిలో. వారమంతా బడి దగ్గరే ఉండి, శనివారం ఇంటికి వచ్చి, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ బయలుదేరతాను. బస్సులు మారలేక నా నడుము పోతున్నదని ఆయనే పట్టుబట్టి డ్రైవింగ్ నేర్పాడు. గల్ఫ్‌లో పెద్ద ట్రక్కు నడిపే మనిషి. క్లచ్ మీద నా కాలు వణికినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అయితే దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలో నేర్పేలోపే పనిలోకి రమ్మని ఫోన్ వచ్చింది, వెళ్లిపోయాడు.

మిగిలిన ఆ పాఠం ఫోన్‌లోనే జరిగింది. ఎండలు ముదురుతున్న రోజులు. ఆయనకు డ్యూటీ లేని ఒక పొద్దున, వాకిట్లో డిక్కీ తెరిచి, కుర్చీ మీద ఫోన్ నిలబెట్టి వీడియో కాల్ చేశాను. మా అత్తమ్మ గడపలో కూర్చుని, కొడుకు మొహం కనబడేలా మెడ సాచి చూస్తున్నది.

"జాకీ తియ్యి. బండి లేపి సూడు" అన్నాడు.

"గిప్పుడు పంచర్ కాలే కదా?"

"కానప్పుడే నేర్చుకోవాలె. అడవిల నిలవడ్డంక నేర్చుకుంటవా? ముందుగల నట్లు లూజ్ చెయ్యి. బండి లేసినంక తిప్పితె చక్రమే తిరుగుతది గని నట్టు ఊడది."

చేతులకు గ్రీజు అంటుకునేదాకా వదల్లేదు. ఆ తర్వాత సామాను సర్దడం మొదలైంది. ఆయన తెచ్చిన గల్ఫ్ దుప్పటి ఒక జిప్పు సంచిలో వచ్చింది. ఆ సంచిలోనే టార్చిలైటు, బండిని లాగే తాడు, బ్యాటరీ వైర్లు, రోడ్డు మీద నిలబెట్టే ఎర్ర త్రికోణం, కట్టు కట్టే గుడ్డ, మందులు పెట్టాను. అత్తమ్మ లోపలికి వెళ్లి ఉతికి మడిచిన పాత నూలు చీర తెచ్చి వాటి మీద పెట్టింది.

"గిదెందుకు అత్తమ్మా?"

"ఉండనీ బిడ్డ. తుడుసుకోను, పరుసుకోను, ఎప్పటికైనా అక్కరకొస్తది."

అన్నీ అయ్యాయనుకుని డిక్కీ మూయబోతుంటే ఆయన నీళ్లు ఎక్కడ పెట్టావని అడిగాడు. సీటు పక్కన సీసా ఉందన్నాను.

"సీసా కాదు. పెద్ద క్యాను పెట్టు."

"తొవ్వ పొడుగూత ఊర్లున్నయి. గన్ని నీళ్లు ఏం చేసుకుంట?"

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఫోన్‌లో ఆయన వెనక మంచం మీద మంచం, పై మంచం నుంచి ఎవరిదో కాలు వేలాడుతున్నది. గొంతు తగ్గించి చెప్పాడు. వెళ్లిన కొత్తలో ఇసుక దారిలో ట్రక్కు చెడిపోయిందట. ఫోన్ కలవలేదు. సీసాలో నీళ్లు అయిపోయాయి. ఎండకు క్యాబిన్‌లో కూర్చోలేక బండి కిందికి దూరి, మొహం మీద తువ్వాల కప్పుకుని పడుకున్నాడట. పొద్దు వాలుతుండగా ఆ దారిన వచ్చిన ఒక పఠాన్ డ్రైవర్, బండి కింద ఈయన కాళ్లు చూసి ఆగాడు. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాపి, తన బండిలో ఎక్కించుకుని పోయాడు.

పెళ్లయి ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు తెలియదు. ఆయన ఎంత మెల్లగా చెప్పినా గడపలో ఉన్న తల్లి అంతా విన్నది.

"గిన్ని రోజులు నాకెందుకు చెప్పలేదురా?" అంది.

"చెప్తె మల్ల పోనిస్తుంటివా అవ్వా?"

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచి, క్యాను కడిగి, నల్లా దగ్గర తనే నింపింది. నేను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనే మోసుకొచ్చి డిక్కీలో పెట్టింది.

కొన్నాళ్లకు ఒక ఆదివారం అత్తమ్మ కూడా నాతో ఉట్నూర్ బయలుదేరింది. జన్నారం దాటాక టేకు అడవి. ఆకంతా రాలిపోయి, చెట్లున్నా నీడ లేదు. ఒక మలుపులో టైరు పేలి బండి పక్కకు గుంజింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మెల్లగా రోడ్డు దింపాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఎర్ర త్రికోణం వెనక్కి తీసుకుపోయి నిలబెట్టి వచ్చాను.

నట్లు లూజయ్యాయి గానీ ఒకటి మొండికేసింది. పానా మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. అత్తమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నా భుజం పట్టుకుంది.

"జరుగు, నేను సుత తొక్కుత."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని తొక్కితే కిర్రుమంటూ తిరిగింది. ఆ ఎండలో ఇద్దరికీ నవ్వొచ్చింది. జాకీతో బండి లేపి, నూలు చీర నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని స్టెప్నీ బిగించాను.

చేతులు తుడుచుకుంటుంటే అంగడి నుంచి వస్తున్న జీపు ఒకటి మా ముందు ఆగింది. బానెట్ నుంచి పొగలు. లోపల కిక్కిరిసి ఆడవాళ్లు, సంచులు, ఒళ్లో పిల్లలు. డ్రైవర్ దిగి వచ్చి అడిగాడు.

"అమ్మా, నీళ్లున్నయా? రేడియేటర్ ఉడుకుతుంది."

"ఉన్నయి బిడ్డ. ముందుగాల మనుషులు తాగాలె, గా తర్వాతనే నీ ఇంజన్" అంది అత్తమ్మ.

క్యాను మా డిక్కీ అంచున పెట్టి, ఒక్కొక్కరి దోసిట్లో పోసింది. గోండు ముసలమ్మ ఒకామె తాగి, తడి చేత్తో అత్తమ్మ చెంప నిమిరి తన భాషలో ఏదో అంది. అత్తమ్మకు అర్థం కాకున్నా తల ఊపింది. రేడియేటర్ చల్లారేదాకా ఊరికే ఉండలేక, డ్రైవర్ మా నట్లు మరోసారి బిగించి చూశాడు. మిగిలిన నీళ్లు రేడియేటర్‌లో పోసుకుని వాళ్లు వెళ్లిపోయారు.

ఉట్నూర్ పొలిమేరలో అత్తమ్మ, "ఎంతసేపు పండిండో వాడు, గా బండి కింద" అంది. నేను బండి పక్కకు ఆపాను. సీటు పక్కనున్న సీసా మూత తీసి ఆమె చేతికి ఇచ్చాను.

అప్పటివరకు కొడుకుతో ఆమె మాటలు ఒక్క తీరుగానే ఉండేవి. తిన్నవా, మంచిగున్నవా అని ఈమె అడిగేది, మంచిగున్న అని ఆయన అనేవాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి పంచర్ సంగతి, జీపు సంగతి చెప్పాక, "ఇయ్యాల ఎండల నిలవడ్డవా? ఉన్నదున్నట్టు చెప్పు" అని అడిగింది. ఆయన తడబడి, ట్రక్కులో సరుకు దింపేదాకా నిలబడ్డానని ఒప్పుకున్నాడు. కళ్లు తిరిగితే మేస్త్రీ నీడకు పంపించాడని కూడా చెప్పాడు. ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు. వినకపోయినా బాగుండేదేమో అన్నాను నేను.

"ఎరికైన ఫికరే నయం బిడ్డ. ఎరికలేనిదే నిద్ర పట్టనియ్యది" అంది.

ఇప్పుడు ఆయన దాచడం లేదు. మొన్న మోకాలు వాచిందని ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టర్ ఏమన్నాడో నాకంటే ముందు వాళ్ల అవ్వకే చెప్పాడు.