సుబ్రమణ్యం సారు కొట్టేసిన మొదటి వాక్యం

సుబ్రమణ్యం సారుకు మొదటి వాక్యం కంటపడితే చాలు, కొట్టేయాలి. ఎవరు రాసినా అంతే, ఎంత బాగా రాసినా అంతే. నోటితో చెబితే, సగంలోనే చెయ్యెత్తి ఆపేస్తారు. "అది కొట్టేసినానప్పా. రెండోది సెప్పు."

కాలేజీ పిల్లలకు వ్యాసరచన నేర్పబోయే కొత్త అధ్యాపకులకు ఆయన మదనపల్లెలో శిక్షణ ఇస్తారు. ఈసారి పుంగనూరు గిరిబాబు, పెద్దపంజాణి వర్షిత, ఇంకొందరు చేరారు. "భాష మానవజాతికి లభించిన మహత్తర వరం" అని మొదలుపెట్టనివాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. వారం తిరిగేలోగా ఆ వరాలన్నీ చెత్తబుట్టలో పడ్డాయి.

గిరిబాబు గడుసువాడు. కొట్టించుకోవడానికే పైన ఒక వాక్యం రాసుకొచ్చాడు: 'మా అమ్మ ఈ పొద్దు ఊరిబిండి పచ్చడిలో ఉప్పు మరిచింది.'

సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "అయ్యో, ఇంత రాతలో ఇదొక్కటే బాగుండాదప్పా!" అని నిట్టూర్చి, రూలు రూలే గనక దాన్నే కొట్టేశారు.

పొరుగింటి రెడ్డెమ్మ కొడుకు పెళ్లిపత్రిక దిద్దమని తెచ్చింది. పైనున్న దేవుడి పేరు మాత్రం సారు ముట్టుకోలేదు. కింద మిగిలింది, 'భోజనాలు పన్నెండు గంటలకు.'

"పెండ్లి ఎవురికని తెలిసేదెట్ల సామీ?"

"తినేదానికి వస్తే తెలస్తాది లేమ్మా."

ఇంట్లో ఆయన భార్య ఇంద్రాణమ్మ దీనికో మందు కనిపెట్టింది. "కాకులు ఎగరతా ఉండాయి. అన్నానికి రండి," అంటుంది. కాకులు పోయినా అన్నం మిగులుతుంది.

అందరూ విసుక్కుంటుంటే వర్షిత ఒక్కతే సంతోషించేది. పల్లెబడి రోజుల నుంచీ, నలుగురి ముందు నిలబడితే ఆమెకు మొదటి మాట గొంతులో తట్టుకుంటుంది. అది దాటితే గడగడా చెప్పేస్తుంది. ఇక్కడ ఎవరి మొదటి వాక్యమూ పూర్తికాదు గనక తన సంగతి ఎవరికీ తెలియలేదని ఆమె నమ్మకం. "సారుకు ఈ పిచ్చి ఇట్లే ఉండనీ సామీ," అని రోజూ ఆంజనేయస్వామికి దండం పెట్టుకునేది.

చివరికి కుప్పం కాలేజీలో పరీక్ష వచ్చింది. నిజమైన పిల్లల ముందు నిజమైన పాఠం. నెగ్గితే అక్కడే ఉద్యోగం, లేదంటే ఇంటిదారి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మునిరత్నమ్మ, పక్కన సారు. వర్షిత లేచి నిలబడింది. మాట తట్టుకుంది.

"అది కొట్టేసినానమ్మా! రెండోది కానీ!" వెనక నుంచి కేక.

"ఇంకా మొదటిదే సెప్పలేదు కదండీ!" అన్నారు మునిరత్నమ్మ.

"సెప్పకముందే కొట్టేస్తే బిడ్డకు శ్రమ తగ్గుతాది కదా మేడం!"

పిల్లలు గొల్లుమన్నారు. వర్షితకూ నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే గొంతు విడిపోయింది. "నిన్న మీ ఇంట్లో ఎవురు ఎవురిమీద అలిగినారో, పక్కింటోళ్లకు అర్థమయ్యేటట్టు రాయండి!"

"మా నాయనమీద రాయొచ్చా మేడం?" అంది ఒక పిల్ల.

"ముందు ఆయనమీదే రాయి."

గంట కొట్టినా ఒక్కరూ తలెత్తలేదు. "సోమవారం వచ్చి చేరమ్మా," అన్నారు మునిరత్నమ్మ.

గుడిలో అర్చన చేయించి, ప్రసాదంతో వర్షిత సారు ఇంటికి వెళ్లింది. "ఈ సారుతో ఇన్నేండ్లు ఎట్ల ఏగినారమ్మా?" అని ఇంద్రాణమ్మను అడిగింది.

"ఏండ్లా? ఈ పిచ్చి మీరొచ్చినంకనే కదమ్మా పట్టుకునింది! మొదటి దినం పేర్లు సెప్పుకుంటాంటే ఒక బిడ్డకు మాట తట్టుకునిందంట. ఆ బిడ్డ మొదటి మాటొక్కటే కొట్టేస్తే అందురికీ తెలస్తాదని, అందురివీ కొట్టేస్తా వచ్చినారు. ఇంట్లో మరిస్తే ఆడా మరిస్తానేమోనని నామీద సాధన!"

సారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

వర్షిత లేచి నిలబడింది. "సార్, నాకు ఎవురు నేర్పించినారని కుప్పంలో ఎవురడిగినా, మీ పేరే గొంతెత్తి సెప్తాను."

అలవాటుగా సారు చెయ్యి లేచింది, సగంలో ఆగింది, కిందికి దిగింది. వర్షిత వాక్యం పూర్తయింది, ఎక్కడా తట్టుకోకుండా.

"ఇది ఉండనీమ్మా," అన్నారు సారు, కూతురు గెలిచినంత గర్వంగా.

ఇంద్రాణమ్మ కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది. "ఈ పిచ్చి సంగతి అట్లుండనీ, పెండ్లయినప్పటినుంచీ నా మాట ఒక్కటన్నా ఉండనిచ్చినారా మీరు?"