పరబ్రహ్మం గారూ ప్రేమ్‌రాజ్ కంప్యూటరూ

పరబ్రహ్మం గారిని టైమెంతయిందని అడిగినవాడు ముందు తన లెక్కన ఎంతయి ఉంటుందో చెప్పి తీరాలి. ఆయన చేతికి గడియారం ఉంటుంది, ముళ్ళు తిరుగుతూనే ఉంటాయి. అయినా దాని మీద అరచెయ్యి కప్పేసి, "ముందు నీ ఊహ చెప్పు" అంటారు. ఊహ చెప్పనివాడికి ఆయన దగ్గర జవాబు దొరికిన దాఖలా శాలిబండ బస్తీలో లేదు.

ఆయన సొంతూరు రేపల్లె, ఉద్యోగం కోసం ఈ బస్తీకి వచ్చారు. గవర్నమెంటు ఆఫీసులో రికార్డు సెక్షన్ ఉద్యోగం. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు, కాకపోతే పై ఆఫీసరంతటివాడు కూడా "మూడో బీరువా అనుకుంటానండీ" అని భయం భయంగా ఊహించాకనే. సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుంటే బస్తీ అంతా ప్రశ్నలు పట్టుకుని వచ్చేది.

ఓసారి ఆటో ఎల్లప్ప రొప్పుతూ వచ్చాడు.

"సార్, మా పోరి ఆడుకునె గోలీ మింగింది! ఏం జెయ్యాలె?"

"ముందు నీ ఊహ చెప్పు."

"ఇప్పుడా సార్? దవాఖానకు తీస్కపోవాలె గావొచ్చు!"

"చెప్పావుగా! ఇంకా నిలబడతావేం? పరిగెత్తు!"

పిల్ల బాగుపడింది. "డాక్టరు కంటె ముందుగాల నేనే చెప్పిన" అని ఎల్లప్ప ఆరు నెలలు ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఇలా రాజ్యం సాగుతుండగా రెండువేల రెండులో ప్రేమ్‌రాజ్ అనే అతను సరిగ్గా ఎదురింట్లో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. అక్కడి కంప్యూటర్ ఊహా గీహా అడగదు, మీట నొక్కితే జవాబు. నెల తిరిగేసరికి పరబ్రహ్మం గారి మెట్లు బోసిపోయాయి. ఆయన కిటికీకి అతుక్కుపోయారు.

"ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది. అక్కడేం చూస్తున్నారు?" అంది కోటేశ్వరమ్మ.

"వాడి గుమ్మం ముందు పదకొండు జతల చెప్పులున్నాయి."

"మన గుమ్మం ముందు?"

"ఒక జత. నావే."

"నా అదృష్టం కొద్దీ నాకు సవతి పోరు లేదనుకున్నాను. ఈ వయసులో అది మీకొచ్చి పడింది" అని ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది.

నవ్వులాట కాదు. ఆయనకు నిజంగానే కడుపు మండిపోతోంది. అసూయ అనే మాట ఆయన ఒప్పుకోరు గానీ, అది అసూయే. ఒకరోజు ఆగలేక సెంటర్‌లోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీ మిషన్‌ని అడుగు. వానాకాలంలో ఇక్కణ్ణించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి ఏ దారిన పోతే కాళ్ళు తడవవు?"

ప్రేమ్‌రాజ్ టైపు కొట్టాడు. ఫోను లైను కుయ్యోమంది. పావుగంటకు ఏదో దేశంలో సముద్రం ఒడ్డున హోటలు బొమ్మ పడింది. పరబ్రహ్మం గారి మొహం వెలిగిపోయింది.

"చూశావా! అది ఆలోచించదు, మనల్నీ ఆలోచించనివ్వదు. పదేళ్ళు పోతే జనం తమ పేరు కూడా దీన్నే అడుగుతారు."

"గట్లనకుండ్రి సార్. తెల్వనోడు తెల్సుకునుడు తప్పా ఏంది?" అన్నాడు ప్రేమ్‌రాజ్ నెమ్మదిగా.

ఆయన విసురుగా కుర్చీ వెనక్కి తోసి లేచారు. వెళ్ళినప్పటి కంటే మరింత కోపంగా ఇంటికొచ్చారు.

మెట్ల దగ్గర మిగిలింది మున్నీ ఒక్కతే. దవాఖానలో ఆయాగా చేసే రాజమణి కూతురు. పోయినేడు పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆయన దగ్గర నేర్చుకుని మళ్ళీ రాస్తోంది. ప్రతి లెక్కకూ ముందు ఊహ, తర్వాతే కాగితం. "ఈసారి గూడ తప్పితే గాజుల కార్ఖానల ఏస్త సార్. మా ఆడిబిడ్డకు మాటిచ్చిన" అని రాజమణి ముందే చెప్పేసింది.

ఫలితాల రోజు బస్తీ అంతా ప్రేమ్‌రాజ్ కిటికీ దగ్గరే ఉంది. జనం హాల్ టికెట్లు లోపలికి అందిస్తుంటే అతను నంబరు కొట్టి, వచ్చిన మార్కులు పైకి అరుస్తున్నాడు. పరబ్రహ్మం గారు అతని కుర్చీ వెనకాలే నిలబడ్డారు. మిషన్ ఎక్కడ తప్పు చేస్తుందా అని పొద్దుట్నించీ అక్కడే. మున్నీ భయంతో ఇంట్లోనే ఉండిపోతే రాజమణి వచ్చి టికెట్ అందించింది.

"లెక్కలు పదకొండు. ఫెయిల్!"

రాజమణి తల పట్టుకుని అక్కడే కూలబడింది. అప్పుడు పరబ్రహ్మం గారి చూపు బల్ల మీది టికెట్ మీద పడింది. ఫొటో మున్నీదే. టికెట్ మాత్రం పోయినేడాదిది! చదువు రాని ఆ తల్లి, ఫొటో మాత్రం చూసుకుని పెట్టెలోంచి పాతది తెచ్చింది. ఆ నంబరు ఈ ఏడు ఎవరిదో ఏమో. ప్రేమ్‌రాజ్ నంబరు తప్ప ఏమీ చూడలేదు.

ఎన్నాళ్ళుగా కాచుకున్న ఘడియ! బస్తీ మొత్తం అక్కడే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు, ఇంటర్నెట్ పరువు గంగలో కలిసిపోతుంది. నోరు తెరిచారు. రాజమణి వంక చూశారు. నోరు మూసుకుని, టికెట్ జేబులో వేసుకుని బయటికి నడిచారు.

రాజమణి ఇంటికి కబురు అప్పటికే చేరిపోయింది, మున్నీ మంచం కింద దూరి ఏడుస్తోంది.

"లెక్కల్లో ఎన్నొస్తాయనుకున్నావు? ముందు నీ ఊహ చెప్పు."

"యాభై దాటుతయనుకున్న సార్."

"మిషన్ పదకొండంటోంది. ఎవర్ని నమ్ముతావు?"

మున్నీ ఏడుపు ఆపి ఆలోచించింది. "నేను మంచిగనే రాసిన సార్. నంబరేమన్న తప్పు కొట్టిండ్రా?" అని బయటికి వచ్చి, ఆయన జేబులోంచి తీసిచ్చిన టికెట్ చూసింది. "సార్! గిది పోయినేడుది!"

"అడిగిన నంబరుకు అది సరిగ్గానే చెప్పింది, పాపం" అన్నారాయన. ఆ 'పాపం' అనడానికి చాలా కష్టపడ్డారు. "మరి అమ్మకేం చెబుతావు?"

పిల్ల ఈసారి ఆయన అడిగేదాకా ఆగలేదు. "లైను ఖరాబుండె, మొదలు తప్పొచ్చిందని చెప్త. అసలు సంగతి చెప్తె అమ్మను నలుగురు నవ్వుతరు."

"శభాష్!"

ఇద్దరూ సెంటర్‌కు వెళ్ళి ఈ ఏటి టికెట్ చూపిస్తే, లెక్కల్లో యాభై ఎనిమిది వచ్చాయి. ప్రేమ్‌రాజ్ రెండు టికెట్లూ పక్కపక్కన చూసి నాలుక కరుచుకున్నాడు. లైనుదే తప్పని తనే బస్తీ అంతటికీ చెప్పుకున్నాడు.

"అక్కడే అనేస్తే గెలిచేవారుగా?" అంది కోటేశ్వరమ్మ సాయంత్రం.

"గెలిచేవాణ్ణే. రేపట్నుంచి రాజమణి ఈ సందులో తలెత్తుకు నడవొద్దూ?"

అంతలో రాజమణే లడ్డూల పళ్ళెంతో వచ్చింది. అప్పటికే ఎదురింట్లో కంప్యూటర్‌కు మల్లెపూల దండ వేసి, బొట్టు పెట్టి, మొదటి లడ్డూ దాని ముందు పెట్టి వచ్చిందట.

"సార్, మీరు ఊకె దాన్ని తిట్టకుండ్రి. మొదలు ఆగమాగం చేసినా, మల్ల సక్కగ చూసి నా బిడ్డను పాసు చేసింది. మస్తు దయగల్లది!"

కోటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. పరబ్రహ్మం గారు ఎదురింటి దండ వంక ఒకసారి చూసి, లడ్డూ మొత్తం నములుతూ, "నిజమేనమ్మా, మంచిదే" అన్నారు.

ఆ తర్వాత పళ్ళెం తన వైపు లాక్కుని, ఇంకో రెండు లడ్డూలు అడక్కుండానే తీసుకున్నారు.