బావ నలభై రెండో అభ్యంతరం

మా బావ వాల్టర్ పర్విస్, ముద్దుపేరు వాట్, పుట్టడమే పది రోజులు ఆలస్యంగా పుట్టాడట. పుట్టగానే ఏడవకుండా మంత్రసాని వైపు కళ్ళు చిట్లించి చూశాడట. చెప్పింది వాళ్ళమ్మ, ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. మంత్రసాని చేతులు చల్లగా ఉన్నాయని ఆయనకు అభ్యంతరం ఉండి ఉంటుందని నా అనుమానం. ఆ తర్వాత బతికిన అరవై నాలుగేళ్ళలో ఆయనకు అభ్యంతరం లేని వస్తువు ఒక్కటీ నా కంటపడలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా పాస్టరు గారికి చెయ్యి కలిపి వెళ్తే, బావ ఆయన చేతిలో ఒక కాగితం పెట్టేవాడు. "అయ్యా, యోనా చేప కడుపులో మూడు రోజులున్నాడన్నారు. వేళ్ళు మాత్రం నాలుగు చూపించారు. సరిచూసుకోండి." పాపం పాస్టరు గారు ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ప్రసంగించడం అలవాటు చేసుకున్నారు.

అంతెందుకు, మా అక్కని పెళ్ళాడింది కూడా అలాగే. అప్పటికింకా మేం స్కాట్లండులో, పెయిస్లీలో ఉన్నాం. నన్ను చేసుకుంటావా అని అడిగితే అక్క ఎల్స్‌పెత్ చేసుకోనంది. ఇంకొకడైతే తల దించుకుని పోయేవాడు. ఈయన మూడో రోజుకల్లా ఏడు అంశాలతో కాగితం రాసుకొచ్చాడు. మొదటి అంశం: అడిగినప్పుడు వాన పడుతోంది, కాబట్టి ఆ జవాబు చెల్లదు. నాలుగో అంశం: అడుగుతుండగా మైసీ అనే పిల్ల కిటికీలోంచి కిసుక్కున నవ్వింది, ఇది బయటివాళ్ళ జోక్యం. ఆ మైసీని నేనే. అక్క ఆ కాగితం రెండుసార్లు చదివి, "సరే, వాన లేనప్పుడు మళ్ళీ అడిగి చావు" అంది.

అలా అయ్యింది పెళ్ళి. ఆ తర్వాత పెయిస్లీలో సగం మందిలాగే మేం ముగ్గురమూ ఓడెక్కి న్యూజెర్సీ వచ్చాం. కెర్నీ దారం మిల్లులో చేరాం. బావ లెక్కల గదిలో, అక్కా నేనూ కండెలు చుట్టే గదిలో.

మా మిల్లు వాళ్ళకు కెర్నీ హీథర్ అని ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. బావకు బంతి తన్నడం రాదు. ఒకసారి తన్నబోయి బూటు తన్నాడు, అది పోయి పాస్టరు గారి గుర్రానికి తగిలింది. అందుకని ఆయన్ని కార్యదర్శిని చేశారు. సరిగ్గా అప్పుడే అమెరికన్ కప్పు మొదలైంది. ఒక్క ఆట ఓడితే చాలు, ఇంటికే. ఓడిన జట్టు మూడు రోజుల్లో అభ్యంతరం రాసి పంపితే మాత్రం, కప్పు నడిపే సంఘం వాళ్ళు కూర్చుని విని, నిజమనిపిస్తే మళ్ళీ ఆడించేవాళ్ళు. దాంతో ఓడిన ప్రతివాడూ రాసేవాడు. రాయకపోతే మర్యాద తెలియని మనిషని అనుకునేవారు.

ఇక చూడండి మా బావ సంబరం! దేవుడు తన కోసమే ఈ ఆట పుట్టించాడనుకున్నాడు. బంతిని రాత్రంతా తొట్లో నానబెట్టారని ఒకటి. రెఫరీ గొడుగు మా ముందువరస ఆటగాడి కళ్ళకు అడ్డం వచ్చిందని ఒకటి. ప్యాటర్సన్ ఊరి వాళ్ళ గోలు స్తంభాల్లో ఒకటి బతికున్న చెట్టని ఇంకొకటి. అదైతే నిజంగా నిజం, మధ్యాహ్నానికి చిగురు కూడా వేసింది. మూడేళ్ళలో నలభై ఒక్క అభ్యంతరాలు రాశాడు. మా జట్టు గ్రౌండులో ఓడిపోయేది, కాగితం మీద బతికి బట్టకట్టేది. కొన్నిసార్లు ఒకే ఆటను నాలుగుసార్లు ఆడి, ఎదుటివాళ్ళు విసిగి రాకపోతే గెలిచేవాళ్ళం.

"కాగితం జట్టొచ్చిందిరోయ్! సిరాబుడ్డి తెచ్చుకున్నారా?" అని ఏ ఊరు వెళ్ళినా అరిచేవాళ్ళు.

ఈ వెక్కిరింతలు బావకు లోపల గుచ్చుకునేవి. ఒకరోజు జావ తాగుతూ నాతో అననే అన్నాడు. "మైసీ, ఒక్కసారి. ఒకే ఒక్కసారి గడ్డి మీద గెలవాలి. కాగితం ముక్క లేకుండా గెలిచి ఫైనల్‌కి వెళ్ళాలి. ఆ తర్వాత నన్ను తీసుకెళ్ళి పసాయిక్ నదిలో పడేసినా నాకు అభ్యంతరం లేదు."

ఆయన నోట 'అభ్యంతరం లేదు' అన్న మాట వినడం అదే మొదలు. నాకు భయమేసింది.

మూడో ఏడు సెమీ ఫైనల్ దాకా వచ్చాం. ఎదుటి జట్టు ఫాల్ రివర్ వీవర్స్, ఇంగ్లండులోని లాంకషైర్ నుంచి వచ్చిన నేతగాళ్ళు. ఆట మా గ్రౌండులోనే. అప్పట్లో గోలు పైన అడ్డకర్ర ఉండేది కాదు, స్తంభం నుంచి స్తంభానికి ఎనిమిదడుగుల ఎత్తున టేపు కట్టేవాళ్ళు. మా టేపులంటే బావకు ప్రాణం. మిల్లులో ప్రత్యేకంగా నేయించి, బిస్కెట్ల డబ్బాలో చుట్టి పెట్టుకున్నాడు.

ఆట శనివారమనగా శుక్రవారం అక్క ఆ డబ్బా తీసింది. "ఛీ ఛీ, ఈ మురికేమిటే! ఫాల్ రివర్ నుంచి పెద్దమనుషులొస్తుంటే ఈ మసిగుడ్డ కడతాడా? మన మిల్లు పరువేం కాను?" అంటూ రెండు టేపులూ మరిగే నీళ్ళలో వేసేసింది. దారం మిల్లులో పనిచేసే ఆడది మురికి టేపుని చూసి ఊరుకోలేదు, అది మా రోగం. నూలు వేడినీళ్ళు తాగితే ఏమవుతుందో మాకు తెలియదా? అయినా వేసింది. ఆరాక కొలిస్తే ఒకటి బాగానే ఉంది, రెండోది జానెడు కురచైంది.

"చంపేస్తాడే మైసీ," అని నెత్తి పట్టుకుంది అక్క.

"వేరే టేపు తెద్దాం."

"మిల్లు మూసేశారు కదే. నోర్మూసుకుని సూది తే."

ఇంట్లో అతుక్కి పనికొచ్చే పట్టీ ఏదీ లేదు. అక్క అటూ ఇటూ చూసి, పావడా పైకెత్తి, ఎడమ కాలి మేజోడు జారకుండా కట్టుకున్న పట్టీ విప్పింది. నీలం రంగు ఎలాస్టిక్, మీద గులాబీ మొగ్గలు, పెళ్ళినాడు కుట్టుకున్న 'ఎ' అక్షరం. టేపుని మధ్యకి కోసి, దాన్ని అతికి, పైన తెల్ల గుడ్డ ముడతలు పెట్టి తొడిగేసింది. అక్క కుట్టు కళ్ళజోడు పెట్టుకున్నా కనబడదు. నేనూ కుక్కిన పేనులా ఊరుకున్నాను. అది సాగుతుందన్న సంగతి మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు. టేపు ఎందుకు కడతారో మాకు తెలిస్తే కదా!

శనివారం వీవర్స్ జట్టు వచ్చింది. వాళ్ళ కార్యదర్శి ఎజ్రా క్లెగ్, పొట్టి మనిషి, పొడుగు టోపీ. "ఏం పర్విస్, సగం కాగితం ముందే రాసి ఉంచావా?" అన్నాడు.

"ఇవాళ కలం ఇంట్లో పెట్టొచ్చాను," అన్నాడు బావ. నిజంగానే పెట్టొచ్చాడు.

ఆట చివరి నిమిషాల దాకా చెరొక గోలు. అప్పట్లో రెఫరీ కాక జట్టుకొక అంపైరు ఉండేవాడు. మా జట్టు తరఫు అంపైరు బావే, వీవర్స్ గోలు పక్కనే నిలబడ్డాడు. అప్పుడు రంగుల గదిలో పనిచేసే హ్యూ టానక్ బంతి తన్నాడు. ఆ మనిషికి తన్నడమే తెలుసు, ఎటన్నది దేవుడి దయ. బంతి పైకి లేచి టేపు నడిమికి తగిలింది. మామూలు టేపైతే బంతి పైనుంచి అవతలికి పోయేది. అక్క టేపు కదా, రెండడుగులు పైకి సాగి, 'రా నాయనా' అని బంతికి దారిచ్చి, ఠప్పుమని మళ్ళీ తన చోటుకొచ్చేసింది.

బంతి టేపు కిందనుంచే వెళ్ళింది. జనం కళ్ళారా చూశారు. వెయ్యి మంది ఒక్కసారిగా "గోల్!" అని అరిచారు. అందరూ బావ వైపు తిరిగారు. బావ ఒక్క క్షణం తటపటాయించి, గోలేనన్నట్టు చెయ్యెత్తేశాడు.

గెలిచాం! గడ్డి మీద గెలిచాం! టోపీలు ఎగిరాయి, ఎవడిదో కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఎగిరింది. ఆ గోలలో బావ ఒక్కడే వెళ్ళి టేపు విప్పబోయాడు. విప్పీ విప్పగానే అది వచ్చి ముక్కు మీద ఛెళ్ళున కొట్టింది. తొడుగు చిరిగింది. నీలం ఎలాస్టిక్, గులాబీ మొగ్గలు, 'ఎ' అక్షరం. బావ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క మాంసం కూరిన రొట్టె కాల్చింది. బావ ఎర్రటి ముక్కుతో కూర్చుని మాట్లాడకుండా తిన్నాడు. గెలిచిన మనిషి మొహం ఇలా ఉంటుందా అని నేను మథనపడ్డాను. అక్క మాత్రం, "ఆనందంతో నోట మాట రావట్లేదు పాపం" అంది.

బుధవారం న్యూయార్క్‌లో ఒక సారా దుకాణం మేడ మీద సంఘం కూర్చుంది. వీవర్స్ అభ్యంతరం పెట్టారు మరి, మర్యాద ఉండద్దూ! అక్కడ నేను లేను. అక్కడ జరిగింది నాకు చెప్పింది హ్యూ టానక్. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు చెబుతూనే ఉన్నాడు, ఎందుకంటే నా ఖర్మ కొద్దీ అతన్నే చేసుకున్నాను.

క్లెగ్ ఆరు అంశాలు చదివాడు. బంతి గుండ్రంగా లేదు, ఎండ వాళ్ళ కళ్ళలోనే పడింది, ఒక కుక్క పక్షపాతంగా మొరిగింది, ఇలాంటివి. సంఘం పెద్ద బెవరిడ్జ్ గారు ఆవలించి, "ఇవేవీ చెల్లవు. హీథర్ గెలిచినట్టే. పర్విస్, నువ్వేమైనా అంటావా?" అన్నారు.

అవునండీ అని కూర్చుంటే అయిపోయేది. ఫైనల్! బావ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"అయ్యా, వీళ్ళ అంశాలు ఆరూ చెత్త. అసలు రాయడమే రాదు వీళ్ళకి. సరైన అభ్యంతరం ఒకటుంది, అది నేను పెడుతున్నాను. మా జట్టు మీద."

హ్యూ ఆయన కోటు పట్టి లాగాడట. "కూర్చో బాబూ! అది నా గోలు! నేను జన్మలో కొట్టిన ఒకే ఒక్క గోలు!"

బావ కోటు విదిలించుకుని ఎలాస్టిక్ తీసి బల్ల మీద పెట్టాడు. "టేపు సాగింది. బంతి ఎనిమిదడుగులకు పైనుంచి వెళ్ళింది. నేను కళ్ళారా చూసి కూడా చెయ్యెత్తాను. నలభై ఒక్క అభ్యంతరాలు రాశాను, వాటిలో చెట్టుది తప్ప ఒక్కటీ నిఖార్సైంది కాదు. ఇది నిఖార్సైంది. దీన్ని రాయకుండా మింగేస్తే ఇన్నాళ్ళూ నేను రాసిందంతా ఏడుపేనని ఒప్పుకున్నట్టు."

క్లెగ్ మెల్లగా వచ్చి దాన్ని వేలితో ఎత్తి చూశాడు. వాడి మీసాల కింద నవ్వు పాకింది. "ఇది ఆడవాళ్ళ మేజోళ్ళ పట్టీ కదూ? ఎవరిదబ్బా?"

బావ చెవుల దాకా ఎర్రబడ్డాడట. "నాది."

"నీదా! గులాబీ మొగ్గలతోనా?"

"నాకు గులాబీలంటే ఇష్టం."

"మరి ఈ 'ఎ' ఏమిటో?"

"మా ఆవిడ పేరు. పని చేసుకునేటప్పుడు కూడా నాతో ఉండాలని కాలికి కట్టుకుంటాను. ఏం, నీకేమన్నా అభ్యంతరమా?"

అంతే! నవ్వాపుకోలేక బెవరిడ్జ్ గారు బల్ల కింద దూరారట. ఆట మళ్ళీ ఆడాలని అక్కడి నుంచే తీర్పు చెప్పారు. బావ పట్టీ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడట.

మళ్ళీ ఆడాం. ఆరు గోల్స్ తేడాతో ఓడాం. ఎవరూ అభ్యంతరం రాయలేదు. మా వాళ్ళు బావని కార్యదర్శి పదవి నుంచి పీకేశారు. 'ఒంటిపట్టీ వాట్' అని పేరు పెట్టి, మిల్లు గేటు దగ్గర పిల్లికూతలు కూసేవాళ్ళు. జరిగిందంతా హ్యూ చెప్పాక అక్క ఏప్రన్‌తో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తన వల్లే ఓడారని కొంత, తన పరువు కోసం మొగుడు ఊరందరి ముందూ ఆడవాళ్ళ పట్టీ నాదన్నాడని ఇంకొంత.

బావ మాత్రం గమ్మునైపోయాడు. తొమ్మిది రోజులు దేనికీ అభ్యంతరం లేదు. ప్రసంగంలో పాస్టరు గారు పొరపాటున మోషేని ఓడలో ఎక్కించినా కిమ్మనలేదు. అక్కకి కాలూ చెయ్యీ ఆడలేదు. పదో రోజు పొద్దున జావలో కావాలని గుప్పెడు ఉప్పు పోసింది. బావ ఒక చెంచా తాగాడు. రెండో చెంచా తాగాడు.

"ఒక్కమాటనవేం వాట్?" అంది అక్క.

బావ చెంచా కింద పెట్టాడు. "ఎల్స్‌పెత్, నాకో అభ్యంతరం ఉంది."

"చెప్పయ్యా! చెప్పు!"

"పట్టీ ఒకటే ఇచ్చావు. ఊరంతా ఒంటిపట్టీ అంటున్నారు. కట్టుకున్నవాడన్నాక జత ఉండాలి. రెండోది ఇటు ఇయ్యి. అన్నట్టు, ఈ జావ మనుషులు తాగేది కాదు."

అక్క నవ్వుతూ, ముక్కు చీదుతూ కుడికాలి పట్టీ విప్పి చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి బావ ఆ రెండూ కట్టుకునే మిల్లుకెళ్ళాడు. ఎవడైనా నవ్వితే ప్యాంటు పైకెత్తి మరీ చూపించేవాడు. ఎలాస్టిక్ సాగిపోయినప్పుడల్లా అక్క కొత్తది వేసి, మొగ్గలు మళ్ళీ కుట్టేది.

మొన్న గడ్డకట్టే చలిలో బావ పోయాడు. పెట్టెలో పడుకోబెట్టే ముందు మేజోళ్ళు తొడిగి, రెండు పట్టీలూ నేనే కట్టాను. అక్క పక్కన నిలబడి చూస్తోంది.

"ఎడమది మరీ బిగించావే మైసీ. ఆయనకు బిగుతు పడదు."

వదులు చేశాను. అక్క వంగి బావ మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒక్కమాటనవేం వాట్?" అంది.