బొట్టు పెట్టే చోటు

కొత్త కంప్యూటర్ భాగాల పెట్టెలు విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. థర్మాకోల్‌దీ, ప్లాస్టిక్ కవర్లదీ, ఇంకా ఒక్కసారి కూడా వేడెక్కని లోహానిదీ కలిసిన వాసన. ఈ రోజు పొద్దున కర్మన్‌ఘాట్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో మెషిన్ బిగించడానికి కూర్చున్నాను. ఆ వాసనతోపాటే యాదగిరన్న కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. మనిషి ఇప్పుడు పోచంపల్లి దగ్గర సొంతూళ్ళో ఉంటున్నాడు. నా పక్కన మాత్రం ఇన్నేళ్ళుగా ఉంటూనే ఉన్నాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణంలో నేను ఫోన్లెత్తే ఉద్యోగానికి చేరాను. మాది గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. యాదగిరన్న ఆ దుకాణంలో పెద్ద మెకానిక్, నేతగాళ్ళ ఇంటి మనిషి. జేబుకి 'జై తెలంగాణ' బిళ్ళ లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు. మొదట్లో ఆ బిళ్ళ చూసి నేను నోరు మెదిపేదాన్ని కాదు. ఆయనే ఒకరోజు పిలిచి, ఫోన్ల మధ్య ఖాళీగా కూర్చునే బదులు స్క్రూడ్రైవర్ పట్టుకోమన్నాడు. ఏడాదిపాటు భోజనాల వేళ పని నేర్పాడు. ఒక మెషిన్ పూర్తిగా నాకే అప్పగించమని చివరికి దుకాణం సేటుని ఒప్పించాడు. సేటు ఒక షరతు పెట్టాడు. ఫిర్యాదు వస్తే మళ్ళీ ఫోన్ల దగ్గరికే పోవాలి, ఇంకెప్పుడూ అడగకూడదు. ఆ పని మీద నేను పెంచుకున్న ఆశ ఎంతటిదో నాకే తెలుసు.

ఆ మెషిన్ మన్సూరాబాద్‌లో ఒక కోస్తా వాళ్ళ ఇంటికి. ఇంజనీరింగ్ చదివే మనవరాలి కోసం. మంచి ఘడియలో ఇంట్లోనే బిగించాలని వాళ్ళ మామ్మగారు పట్టుబట్టారు. వెళ్ళి బిగించి వచ్చాను. రెండో రోజే ఫోన్. స్విచ్ నొక్కితే తెర మీద కంపెనీ బొమ్మ వచ్చి ఆరేడు నిమిషాలు అలాగే నిలిచిపోతోందట. పరుగెత్తుకెళ్ళి విండోస్ మొత్తం తీసి మళ్ళీ ఎక్కించాను. ఇంకోసారి వెళ్ళి ర్యామ్ మార్చాను. మెషిన్ మాత్రం మొద్దునిద్ర వదల్లేదు. పాత సామాను అంటగట్టారని ఆ పిల్ల తండ్రి సేటుకి ఫోన్ చేశాడు. రేపటికల్లా బాగుచేయకపోతే ఫోన్లే గతి అన్నాడు సేటు. రేపు బంద్. బస్సులుండవు. ఏడుపు మింగుకుంటూ యాదగిరన్నకి చెప్పాను. నడిచి పోదామన్నాడు, అదేదో పక్క వీధి అయినట్టు.

బంద్ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో జనం రోడ్డు మీద కూర్చుని నినాదాలిస్తున్నారు. ఆయన పనిముట్ల సంచీ భుజానే ఉంచుకుని వాళ్ళ మధ్యకి వెళ్ళి, గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చాడు. నేను మూసి ఉన్న షట్టర్ పక్కన నిలబడ్డాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

మన్సూరాబాద్ చేరాక ఆయన మెషిన్‌ని ముట్టుకోలేదు. స్విచ్ నొక్కించి, చేతులు కట్టుకుని, వాచీ చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అంత సేపు ఏమీ చేయకుండా నిలబడగలగడం కూడా ఒక విద్య అని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత నా వైపు తిరిగాడు.

"విండోస్ ఇంక లేవనే లేదు చెల్లె. దాన్ని తీసి మళ్ల ఎందుకు ఎక్కించినవ్? పోగు తెగితే మా నాయిన చీర మొత్తం విప్పుతడా? యాడ తెగిందో గాడ చూస్తడు."

తర్వాత ఒక్కొక్కటే ఊడదీశాడు. ఒకటి తీయడం, స్విచ్ వేసి చూడడం, దాన్ని మళ్ళీ పెట్టాకే ఇంకోటి తీయడం. సీడీ డ్రైవ్ తీస్తే తేడా లేదు. హార్డ్ డిస్క్ కేబుల్ తీయగానే ఆ బొమ్మ చిటికెలో దాటిపోయింది. ఆ కేబుల్‌ని నేను తీసి చూడనే లేదు, నా చేత్తో నేనే పెట్టాననే ధీమాతో. ఆయన దాని మూతిలో చిన్న బ్రష్ తిప్పి అరచేతిలో దులిపాడు. ఎర్రటి పొడి. కుంకుమ.

బిగించే రోజున భాగాలన్నీ పేపరు మీద పరిచి ఉంటే మామ్మగారు పళ్ళెంతో వచ్చి అన్నిటికీ బొట్లు పెట్టారు. కేబుల్‌కి రెండు చివర్లా పెట్టి ఉంటారు. తప్పు నాది కాదు, ఇదిగో రుజువు అని అరవబోయాను. యాదగిరన్న నన్నొక్క చూపు చూసి, పిడికిలి మూసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. కాంటాక్ట్ సరిగా లేదని, ఇక రాదని ఆ పిల్ల తండ్రికి చెప్పి, డిస్క్ మూతి శుభ్రం చేసి, కొత్త కేబుల్ వేశాడు. నిమిషం లోపే మెషిన్ లేచి కూర్చుంది.

మామ్మగారు సంబరంగా మళ్ళీ పళ్ళెం తెచ్చారు. ఆయన జేబు మీది బిళ్ళ చూసి ఆగిపోయారు.

"రాష్ట్రం వచ్చేస్తే మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా బాబూ?"

ఆయన మెల్లగా కంప్యూటర్ డబ్బా తలుపు మూసి స్క్రూ బిగించాడు.

"యాడికి పోతవమ్మా, కంప్యూటర్ ఈడ పెట్టుకోని? రా, బొట్టు పెట్టు. ఈడ, ఎదురుంగ పెట్టు. అందరికీ కనవడ్తది."

ఆమె డబ్బా ముందు బొట్టు పెట్టారు. వేలికి మిగిలిన కుంకుమ ఆయన నుదుటన పెట్టారు. జేబు మీద ఆ బిళ్ళ, నుదుటన ఈ బొట్టు, రెండింటితోనూ ఆయన మళ్ళీ ఎల్బీనగర్ చౌరస్తా దాటాడు. ఈసారి నేను షట్టర్ పక్కన ఆగలేదు, ఆయన పక్కనే నడిచాను. నిజం చెప్తే నా మీద మాట పోయేదిగా అన్నా అని దారిలో అడిగాను.

"తప్పు నీదే చెల్లె," అన్నాడు, కోపం లేకుండా. "ఆమెకు కంప్యూటర్ తెల్వదు. నీకు తెలుసు. బొట్టు పెట్టంగ నువ్వు ఆడనే ఉన్నవ్ గద."

నేను ఆ రోజు కాఫీ తాగుతూ కూర్చున్న మాట నిజమే. మర్నాడు తప్పెవరిదని సేటు అడిగితే మాత్రం, లోపం దొరికిందని చెప్పి యాదగిరన్న ఊరుకున్నాడు. వచ్చే మెషిన్ కూడా చెల్లెనే కడ్తదని చెప్పి తన పని చూసుకున్నాడు. సేటు మళ్ళీ అడగలేదు, నేను మళ్ళీ ఫోన్లెత్తలేదు. అంత పనితనం, అంత మర్యాద ఒకే మనిషిలో ఎలా పట్టాయో ఈనాటికీ నాకు ఆశ్చర్యమే.

ఈ పొద్దున టీచరమ్మ వాళ్ళమ్మగారు కూడా పళ్ళెం పట్టుకుని వచ్చారు. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఆమె చెయ్యి వైర్ల వైపు వెళ్ళేలోపే డబ్బా తలుపు మూసి, దాని ముందువైపుని ఆమె వైపు తిప్పాను.

"ఇక్కడ పెట్టండమ్మా, ఎదురుగా," అన్నాను. "అందరికీ కనిపిస్తుంది."