మీయమ్మ పేరేంది పాపా?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను నంద్యాల నుంచి కడప పోయే బస్సులో కండక్టరుని. ఆడపిల్లల్ని మాయమాటలతో తీసుకుపోయి అమ్మేవాళ్లు ఆ దారినే కడప దాటించేవాళ్లు. అట్లాంటి పిల్లల్ని విడిపించి, నంద్యాలలో తన ఇంట్లో పెట్టుకొని చదివించే టీచరమ్మ ఒకామె ఉండేది. వారానికోసారి ఆళ్లగడ్డలో మా బస్సెక్కి చూసేది. మగవాడి వెంట ఆడపిల్ల కనిపిస్తే, వంగి ఒకటే అడిగేది: "మీయమ్మ పేరేంది పాపా?" తర్వాత అతన్నీ అదే అడిగేది. పేర్లు కలవకపోతే పోలీసులొచ్చేదాకా బస్సు దిగేది కాదు.

ఒక రోజు పన్నెండేళ్ల పిల్ల పక్కన కూర్చున్నవాడు, "అక్క కూతురు. నేనే చేసుకోబోయేది" అన్నాడు. మేనమామ అన్నాక మా వైపు ఇంకెవరూ ఏమీ అడగరు.

"మీయక్క పేరేందప్పా?" అందామె.

"మేనమామనంటాండాడు గదమ్మా! లేటయితాంది, దిగండి" అని కసిరి విజిల్ వేశాను. ఆమె దిగిపోయింది.

బస్సు కదిలాక, జనాన్ని నవ్వించాలని ఆమె గొంతు పెట్టి అడిగాను: "మీయక్క పేరేందప్పా?"

"నాగమ్మ" అన్నాడు వాడు.

"మాయమ్మ సుబ్బమ్మ" అంది పిల్ల, తలెత్తకుండా.

ఎవరూ నవ్వలేదు. విజిల్ నా చేతిలోనే ఉంది. చాగలమర్రిలో వాళ్లిద్దరూ దిగి వెళ్లేదాకా చేతిలోనే ఉంది.

మరుసటి వారం టీచరమ్మ బస్సెక్కి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "ఆ పొద్దు ఆ పాప వాళ్లమ్మ పేరేమన్నా చెప్పిందా నాయనా?"

"నేనడగలేదమ్మా" అన్నాను.