కొబ్బరి పువ్వు మింగిన ఉపవాసం

హోమ్ ఐలాండ్ అనే చిన్న దీవిలో, మొదటి మనవరాలు పుట్టిన నాటి నుంచి ఆ నాయనమ్మ సొంత పేరును అందరూ మరిచిపోయారు. మనవరాలు నూరైని గనక ఈమె నేక్ నూరైని, అంటే నూరైని నాయనమ్మ. ఆ దీవిలో ఎవరి నాయనమ్మకైనా అంతే. సాయంత్రాలు వాకిట్లో చాప పరిచి పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. పాఠానికి ముందు ఎప్పుడూ ఒకటే మాట: "అల్లా అన్నీ చూస్తూనే ఉంటాడు." అది వినగానే పిల్లలు గిల్లుకోవడం మాని నిటారుగా కూర్చునేవారు. ఆమెకు అది చాలుననిపించేది.

ఆ రంజాన్‌లో నూరైని మొదటిసారి ఉపవాసం పట్టింది. మధ్యాహ్నం దాకా బాగానే నెట్టుకొచ్చింది. పొద్దు వాలుతుండగా నాయనమ్మ కూరకని కొబ్బరికాయలు కొడుతుంటే, అందులో ఒకటి మొలకెత్తిన కాయ. లోపల తెల్లగా ఉబ్బిన పువ్వు. ఆ ఇంట్లో కొబ్బరి పువ్వు ఎప్పుడూ నూరైనిదే. చెయ్యి దానంతటదే వెళ్ళింది. నమిలి మింగాక గాని పిల్లకు గుర్తు రాలేదు.

"అయిపోయింది! పొద్దుట్నుంచి పడ్డ పాటంతా పీతల పాలు!" మేనత్త రోస్నా పకపకా నవ్వింది. "ఇంకేం దాస్తావమ్మాయ్, ఆయన చూసేశాడు."

పిల్ల ముఖం పాలిపోయింది. ఒక్కటే పరుగు.

"నోటికి తాళం లేదటే నీకు?" అని కూతురిని కసిరింది నాయనమ్మ.

"నేనేమన్నానమ్మా? రోజూ నువ్వు చెప్పేదేగా!"

ఆ మాట నేక్ నూరైనికి ముల్లులా దిగింది.

ఒడ్డున బోర్లించిన పడవ కింద చిన్న పాదాలు కనిపించాయి. ఆమె ఉస్సురంటూ ఇసుకలో కూలబడింది.

"పడవ చెక్కలోంచి కూడా కనిపిస్తుందా ఆయనకి?" లోపల్నుంచి గొంతు.

"కనిపిస్తుందే తల్లీ."

ఏడుపు హెచ్చింది. "అయితే నేనింక చదువుకి రాను. ఉపాసమూ ఉండను. ఎప్పుడు తప్పు చేస్తానా అని కాచుకునే ఆయన దగ్గరికి నేనెందుకు రావాలి?"

నాయనమ్మ పడవ అంచు దగ్గరికి వంగింది. ఇన్నాళ్ళూ పిల్లలకు సగం మాటే చెప్పింది కాబోలు.

"తినేటప్పుడు ఉపాసం సంగతి గుర్తుందా నీకు?"

"లేదు."

"మరి అదీ చూశాడుగా. మరిచిపోయి తింటే ఉపాసం పోదే. ఆ తిండి అల్లా పెట్టిందేనని మన ప్రవక్త చెప్పారు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు."

"ఇమాం తాతని అడుగుదాం పద. నాది అబద్ధమైతే ఇకమీదట పువ్వులన్నీ రోస్నాకే."

అంత పెద్ద పందెం విన్నాక తల బయటికొచ్చింది, జుట్టు నిండా ఇసుకతో.

"నాకు పువ్వంటే ఇష్టమని ఆయనకి తెలుసా?"

"తెలీకుండా ఉంటుందా?"

నూరైని జుట్టులో ఇసుక దులుపుకుంది. "అయితే రేపు కూడా మరిచిపోతాను."

"ఇవాళే అనుకుని పెట్టుకుంటే అది మరుపెలా అవుతుందే, దొంగా!"

ఆ సాయంత్రం ఉపవాసం విడిచే అజాన్ వినిపించేదాకా నూరైని ఖర్జూరం చేత్తో పట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది.

మర్నాడు చాప మీద నేక్ నూరైని ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "అల్లా అన్నీ చూస్తూనే ఉంటాడు." పిల్లలు నిటారుగా సర్దుకున్నారు. ఆమె అక్కడితో ఆగలేదు. "ఎవరికి ఆకలేస్తోందో, ఎవరు మరిచిపోయారో, ఎవరికి ఏది ఇష్టమో, అదీ చూస్తాడు."

నూరైని మాత్రం నిటారుగా కూర్చోలేదు. జరుక్కుంటూ వచ్చి, నాయనమ్మ మోకాలికి ఆనుకుని పాఠం తెరిచింది.