మార్కు దగ్గరే కొయ్యమన్నాను

ముందు ఇది చూడండి. జాగ్రత్త, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. తపాలా బిళ్ళ కాదండీ, మా బావమరిది ఫొటో స్టూడియో విజిటింగ్ కార్డు. డిజైన్ నాదే. ఇలాంటివి ఇంకో తొమ్మిది వందల పైచిలుకు మా ఇంట్లో మందుల డబ్బాలో ఉన్నాయి. నిన్న పొద్దున్న ఇవి నా చేత తాగించిన మంచినీళ్ళు ఎన్ని సీసాలో లెక్క లేదు!

మా ఆవిడ తమ్ముడు పైడిరాజు. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని పోయాక కూర్మన్నపాలెంలో చిన్న గది తీసుకుని ఫొటోలు మొదలుపెట్టాడు. మంచి చెయ్యి. ముప్పై ఏళ్ళు పేపర్ డెస్కు మీద ఫొటోలు చూసినవాణ్ణి, ఊరికే మెచ్చుకోను. కానీ ఏడాదిగా పుట్టినరోజులు, పాస్‌పోర్టు ఫొటోలు తప్ప ఒక్క పెళ్ళీ రాలేదు.

పోయిన వారం ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి ఎల్లాజీ గారని బోటు ఓనరు కబురుపెట్టారు. కూతురి పెళ్ళి. మంగళవారం పదిన్నరకి ఆల్బం, కార్డు పట్టుకుని రమ్మన్నారు. ఇంకో ఫొటోగ్రాఫర్‌ని కూడా పిలిచారట.

"ఈ పెళ్ళి దొరికితే ఆ పేటంతా నా ఫొటోలు సూత్తాది బావా. దొరక్కపోతే మల్లీ హెల్మెట్టెట్టుకుని ప్లాంటు గేటు దగ్గర నిలబడ్డమే," అన్నాడు పైడిరాజు. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్ళు నవ్వలేదు.

తర్వాత అసలు విషయానికొచ్చాడు. "బ్రాండ్ ఐడెంటిటీ ఉండాలంట బావా. లోగో, కార్డు, బోర్డు, టీషర్టు, అన్నీ ఒక్కలాగే ఉండాలంట. యూట్యూబ్‌లో సెప్తన్నారు."

"ఎవరైనా నేర్చుకున్నవాళ్ళకివ్వరా," అంది మా ఆవిడ.

అదిగో, అక్కడ నాకు పౌరుషం వచ్చింది. పేపర్లో ఎన్ని వేల పేజీలు కట్టాను! ఒక చిన్న కార్డు కట్టలేనా?

రెండు రోజులు కూర్చున్నాను. కెమెరాలోంచి చూస్తే మధ్యలో ఓ చట్రం కనపడుతుంది చూడండి, నాలుగు మూలల నాలుగు చిన్న గీతలు. అదే లోగో. ఆ నాలుగు గీతల మధ్య 'పైడి' అన్న ఒక్క మాట. రంగు పోర్టులో ఇనుప ఖనిజం రంగు. మా ఆవిడ దాన్ని తుప్పు రంగంది, పట్టించుకోలేదు. కార్డుకి ఎడమవైపు పైన లోగో, కింద చిన్న అక్షరాల్లో ఫోన్ నంబరు, అడ్రసు. చుట్టూ బోలెడు ఖాళీ. పైడిరాజు చూసి, "అబ్బ! అచ్చం సినిమావోళ్ళ కార్డులాగుంది బావా!" అన్నాడు. ఇక నన్ను పట్టేదెవరు?

ఆటోనగర్‌లో ఒక చిన్న ప్రెస్సుకి పంపాను. సోమవారం మధ్యాహ్నం అక్కడ కటింగ్ చేసే కనకరాజు ఫోన్ చేశాడు.

"సార్, మార్కుల దగ్గర కొయ్యమంటారా?"

మీకు తెలియకపోవచ్చు. కార్డులు పెద్ద షీటు మీద వరసగా అచ్చవుతాయి. ఎక్కడ కొయ్యాలో తెలియడానికి ఒక్కో కార్డుకి నాలుగు మూలల చిన్న గీతలు పెడతారు. కటింగ్ మార్కులంటే అవే. మార్కు వదిలేసి కోసినవాళ్ళతో ముప్పై ఏళ్ళు తగువులాడాను నేను. అందుకే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మార్కుల దగ్గరే కొయ్యాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా ఒప్పుకోను."

"అది కాద్సార్, కార్డు మరీ సిన్నగొచ్చేత్తాది…"

"చిన్నదే కావాలయ్యా! ఇప్పుడంతా సింపుల్‌గానే ఉండాలి."

"మరి కిందున్న లైన్లు…"

"లైన్ల సంగతి నేను చూసుకున్నాను. నువ్వు సొంత తెలివి వాడకు."

అతను ఇంకేదో అనబోయాడు. రిపోర్టర్లు ఎక్కువ మాట్లాడితే ఫోన్ పెట్టేయడం నాకు పాత అలవాటు. పెట్టేశాను.

నిన్న తొమ్మిదింటికి ప్రెస్సుకెళ్ళాం. కనకరాజు ఇంకా రాలేదు. కౌంటర్లో ఉన్నాయన కాగితంలో చుట్టి టేపు వేసిన పొట్లం ఇచ్చాడు. బండి వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఎందుకో తేలిగ్గా అనిపించింది. మంచి కాగితం తేలిగ్గానే ఉంటుందిలే అనుకున్నాను.

షీలానగర్ దాటి పోర్టు రోడ్డెక్కాక కంటెయినర్ లారీల వెనక ఇరుక్కున్నాం. తొమ్మిది నలభై. ఊరుకోలేక టేపు పీకాను.

లోపల గుప్పెడు గుప్పెడుగా చిన్న చిన్న ముక్కలు. ప్రతి ముక్క మీదా 'పైడి'. అంతే. నంబరు లేదు. అడ్రసు లేదు. నేను రెండు రోజులు గీసిన నాలుగు మూలల గీతలు కూడా లేవు. అవి మార్కులు కదా, కత్తి కింద పోయాయి!

"ఏటి బావా, మాట్లాడవేటి?" అన్నాడు పైడిరాజు అద్దంలోంచి.

ఒక ముక్క భుజం మీదుగా చేతికిచ్చాను. బండి పక్కకి తీశాడు. దాన్ని తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"మిగతా కార్డేదీ?"

కనకరాజుకి ఫోన్ చేశాను. "మీరు సెప్పినట్టే కోసాను సార్. వెంట్రుక వాసి తేడా లేదు. కావాలంటే కొలుసుకోండి," అన్నాడు. నిజమే. అంత శుభ్రమైన కటింగ్ నా ఉద్యోగంలో చూడలేదు. షీటు మీద ఉన్న మార్కులు నా లోగో గీతలొక్కటే. కార్డు అంచుకి పెట్టాల్సినవి ప్రెస్సువాళ్ళు పెట్టుకుంటారని నేను, నేనే పెట్టి పంపానని వాళ్ళు అనుకున్నాం.

"మల్లీ అచ్చేయించుకోవాలంటే?" అడిగాడు పైడిరాజు.

"సాయంత్రం."

అతను తిట్టలేదు. తిడితే బావుండేది. హెల్మెట్ తీసి బండి మీద పెట్టి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

హార్బర్ ముందు టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఒక్కో ముక్క వెనక ఫోన్ నంబరు రాయడం మొదలుపెట్టాను. ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, చిన్న అక్షరాలు బాగానే వస్తాయి. అయిదు అంకెలు పైన, అయిదు కింద. పన్నెండు రాసేసరికి పది ఇరవై అయింది. తొందరలో అంకె తప్పి పదమూడోది పాడైంది.

ఎల్లాజీ గారి ఆఫీసు గదిలో మాకంటే ముందొచ్చిన రెండో ఫొటోగ్రాఫర్ అప్పుడే లేస్తున్నాడు. బల్ల మీద అతని కార్డు, నల్లగా, మందంగా, బంగారు అక్షరాలతో. పైడిరాజు దాన్ని చూసి, నా జేబు వంక చూశాడు.

ఎల్లాజీ గారు ఆల్బం నెమ్మదిగా తిప్పారు. బయట ఐసు దిమ్మలు పగలగొడుతున్న చప్పుడు. చివరి పేజీ మూసి చెయ్యి చాపారు. "కార్డు?"

పైడిరాజు నా వంక చూశాడు. నేను ఆ ముక్క ఆయన అరచేతిలో పెట్టాను. వల లాగి కాయలు కాసిన ఆ చేతిలో అది కనపడనే లేదు.

"ఇదేటి?"

"కార్డండి," అన్నాడు పైడిరాజు.

"ఇదా?"

ఇక చెప్పేద్దాం, తప్పు నాదని ఒప్పేసుకుందాం అని నోరు తెరిచాను. ఆయన సొరుగు లాగి రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట బల్ల మీద పడేశారు.

"ఇయన్నీ ఫొటోలోళ్ళ కార్డులే. ఒక్కడి పేరూ గుర్తునేదు." జేబులోంచి ఫోను తీసి వెనక ప్లాస్టిక్ కవరు ఊడదీశారు. లోపల అమ్మవారి చిన్న పటం ఉంది. దాని పక్కన మా ముక్క పెట్టి కవరు తొడిగారు. సరిగ్గా పట్టింది. "ఇదైతే ఎక్కడికీ పోదు. ఎవలిదీ ఆలోసన?"

"మా బావదండి!" అన్నాడు పైడిరాజు, బల్ల కింద నా కాలు తొక్కుతూ. "ముప్పయ్యేళ్ళు పేపర్లో సేసారు."

"అదీ మరి. ఏటుంచాలో, ఏటి తీసీయాలో పేపరోళ్ళకి తెలుస్తాది."

నేను తలెత్తి ఫ్యాను వంక చూశాను.

పెళ్ళి మొత్తం ఇవ్వలేదు లెండి. "పసుపు దంచే రోజు నువ్వు తియ్యి. అయి నచ్చితే పెళ్ళి సంగతి సూద్దాం," అన్నారు. అదే చాలని పైడిరాజు గుమ్మం దాకా వెనక్కి నడుస్తూ దణ్ణాలు పెట్టాడు.

బయటికొచ్చాక, "బావా, షాపు బోర్డు ఆర్డరు నానే ఇత్తాను. నువ్వు మాత్రం ఫోన్ సెయ్యకు," అన్నాడు. "బోర్డు కూడా ఇంతే వత్తే, దాన్నెట్టుకోడానికి కవరు నాకెక్కడ దొరుకుతాది?"

ముప్పై ఏళ్ళు రిపోర్టర్లు రాసింది కోసి కోసి ఆరు లైన్లు చేసి, ఊళ్ళో నాకంటే గొప్ప ఎడిటర్ లేడనుకున్నాను. అడ్రసు, నంబరు, లోగో, దాంతో పాటు లోగో గీసినవాడి గర్వం, అన్నీ తీసేసి పనికొచ్చే మాట ఒక్కటే ఉంచినవాడు ఆటోనగర్‌లో కటింగ్ మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. పైగా తీసేముందు నాకు మూడుసార్లు చెప్పాడు కూడా!